జీపు రెండోసారి ఆగిన ఇల్లు

నేను చదివిన చదువు పేరు చెబితే మా ఆత్మకూరులో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అర్థమైనవాళ్ళకు తప్పుగా అర్థమయ్యేది. తొంభైల్లో సైకాలజీలో ఎం.ఏ. ముగించి, యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు గారి ప్రాజెక్టులో పనికి చేరానని ఇంట్లో చెప్పిన రోజు మా నాయన చేస్తున్న పని ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆయన ఉదయగిరి బస్సులో కండక్టరు. రోజూ వందమంది ముఖాలు చూసి ఎవరు టికెట్టు తీసుకోకుండా దిగిపోతారో పసిగట్టే మనిషి.

"అంటే పిచ్చోళ్ళ డాక్టరువా?" అన్నాడు.

కాదు నాయనా, మేము మనుషులను ఒక్కొక్కరిగా చూడం, ఊరిని మొత్తంగా చూస్తాం, దీన్ని కమ్యూనిటీ సైకాలజీ అంటారు అని చెప్పాను.

"ఓహో, ఊరు మొత్తానికీ పిచ్చని ముందే తేల్చేసినారా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడంట ఎనకటికొకడు. అట్టుండాది మీ సారు వరస."

మా సారు వరస నిజానికి బాగానే ఉండేది. మనిషికి దిగులు పుడితే ఆ మనిషి తలలోనే వెతుకుతూ కూర్చోవడం పాత పద్ధతి అనేవారు. బయటికొచ్చి వీధిలో వెతకాలి. నీళ్ళ పంపు ఎవరి ఇంటి ముందుంది, పని ఇచ్చేది ఎవరు, కష్టమొస్తే ఎవరు ఎవరి గడప తొక్కుతారు, ఎవరి గడప తొక్కరు, ఇవన్నీ చూడాలి. చూసి ఊరుకోకూడదు, అక్కడి మనుషులతో కలిసి ఏదో ఒకటి మార్చాలి. "మన శాస్త్రానికి రెండు కాళ్ళమ్మా. ఒకటి పరిశోధన, రెండోది ఆచరణ" అని వారానికొకసారైనా చెప్పేవారు. నేను చేరేనాటికి ఆ శాస్త్రం ఒంటికాలి మీదే నిలబడి ఉంది. రెండో కాలు ఎప్పుడు కింద పెడతారని అడిగే ధైర్యం నాకప్పుడు లేదు.

మా ప్రాజెక్టుకు ఉదయగిరిలో ఒక వీధిని ఎంచుకున్నారు. కొండ కింద, చెక్క గరిటెలు చెక్కే ఇళ్ళున్న వీధి. గరిటెలు చెక్కేది ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. పక్కనే చర్చికి పోయే ఇళ్ళు, సేద్యం చేసుకునే ఇళ్ళు. మొదటిరోజు యూనివర్సిటీ జీపు ఆ వీధి మొదట్లో ఆగితే, అరుగు మీద కూర్చుని కర్రను ఉలితో తొలుస్తున్న ఒక తాత తల ఎత్తాడు. గడ్డం నిండా చెక్కపొట్టు.

"ఏం సర్వే బేటీ?" అన్నాడు.

"కమ్యూనిటీ సైకాలజీ సర్వే తాతా."

ఆయన ఉలి కింద పెట్టి ఆలోచించాడు. మా వైపు కమ్యూనిటీ అంటే కులం. 'మీదే కమ్యూనిటీ' అని అడిగితే ఎవరూ ఊరి పేరు చెప్పరు. ఇక సైకాలజీ అంటే ఏమిటో మా నాయనకు తెలిసినంతే ఆయనకూ తెలుసు. రెండూ కలుపుకున్నాడు. కలుపుకుని, వీధి ఆ చివరిదాకా వినపడేటట్టు కేక వేశాడు.

"కులపిచ్చి మీద సర్వే అంట! రాండి రాండి, మన వీధిలో శానా ఉండాది, రాసుకుంటారంట!"

సారుకు చెమటలు పట్టాయి. నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నాను, మా శాస్త్రానికి అంత సూటి నిర్వచనం నేను ఏ పాఠంలోనూ చదవలేదు.

అసలు తంటా ప్రశ్నల దగ్గర వచ్చింది. ప్రశ్నలు ఇంగ్లీషులో తయారై, తెలుగులోకి దిగేటప్పుడు కాలు విరగ్గొట్టుకున్నాయి. 'నాకు ఒంటరితనం అనిపిస్తుంది' అనే వాక్యం చదివి వినిపిస్తే ఒకావిడ నా చేతిలోని కాగితం వైపు ఆశగా చూసింది. "ఒంటరితనమా? ఆ రెండు గదుల ఇంట్లో తొమ్మండుగురం ఉండాము. యాడ దొరుకుతుందో జెప్పమ్మా, పొయి ఒక పూట తెచ్చుకుంటా."

దానికంటే పెద్ద తంటా జవాబులది. ప్రతి వాక్యానికీ ఐదు మెట్ల జవాబు కావాలి. అస్సలు కాదు, కొంచెం కాదు, చెప్పలేను, కొంచెం అవును, పూర్తిగా అవును. ఆ ఐదూ చదివేసరికి ఎదుటి మనిషి ప్రశ్న మరిచిపోయేవాడు. ఒకాయన ప్రతిదానికీ "అన్నీ" అని చెప్పాడు. ఇంకొకాయన మీకేది బాగుంటే అది రాసుకోండి, మేమేం అనుకోము అని మాకే ధైర్యం చెప్పాడు.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. తాత అరుగు మీద గరిటెలు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా ఆరబెట్టి ఉన్నాయి. అందులో ఐదు అడిగి తీసుకున్నాను. ఉప్పు వేసుకునే చిటికెడు చెంచా ఒకటి, పెళ్ళిళ్ళలో అన్నం తిప్పేంత గరిటె ఒకటి, మధ్యలో మూడు. అవి నేల మీద పరిచి, "నేను చెప్పిన మాట మీ విషయంలో ఎంత నిజమైతే అంత గరిటె ముట్టుకోండి" అన్నాను. అంతే, పని పరుగెత్తింది. ముసలివాళ్ళు కూడా చకచకా ముట్టుకుంటున్నారు. చూడ్డానికి జనం మూగుతున్నారు. సారు మురిసిపోయి, దీని మీద ఒక వ్యాసమే రాయవచ్చన్నారు. నేను ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఆ వీధి చివర పెంకుటింట్లో బాలబడి ఉండేది. పసిపిల్లలను మధ్యాహ్నం దాకా ఉంచుకుని, ఉప్మా వండి పెట్టి పంపేవాళ్ళు. వండి పెట్టేది ఆ వీధిలోనే ఉండే ఒక యాభై ఏళ్ళ మనిషి. అందరూ ఆయమ్మ అనేవాళ్ళు. ఆయా కాబట్టి ఆయమ్మో, మా వైపు 'ఆ అమ్మ' అనడానికి ఆయమ్మ అంటారు కాబట్టి ఆయమ్మో, ఆమెకే తెలియదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆ పనితోనే బతుకుతోంది. ఆదివారం చర్చిలో ఆమె గొంతు మిగతావాళ్ళ గొంతులన్నిటినీ తొక్కేస్తుందని వీధిలో ఒక ఫిర్యాదు ఉండేది.

నేను ఆమె ముందు ఐదు గరిటెలూ పరిచాను. నాకు దిగులుగా ఉంటుంది అని చదివాను. పెద్ద గరిటె ముట్టుకుంది. రాత్రి నిద్ర పట్టదు అన్నాను. పెద్ద గరిటె. నాకెవరూ లేరనిపిస్తుంది. పెద్ద గరిటె. మా వీధివాళ్ళు నన్ను బాగా చూసుకుంటారు. దానికీ పెద్ద గరిటే. ఇంత గబగబా ఎవరూ జవాబులు ఇవ్వలేదని సంతోషించి, నాలుగు పేజీలూ నింపుకుని వచ్చేశాను.

ఎవరూ లేరన్న మనిషే అందరూ ఉన్నారని కూడా అంటే, ఆగి, ఎందుకమ్మా అని అడగాలి. ఇలా అన్నిటికీ ఔననే జవాబులకు మా పుస్తకాల్లో ఒక పేరు కూడా ఉంది. ఆ పేరు నాకు పరీక్షలో గుర్తొచ్చింది. వీధిలో గుర్తు రాలేదు.

యూనివర్సిటీలో లెక్క వేస్తే ఆ వీధి మొత్తంలో దిగులు ఎక్కువున్న మనిషి ఆయమ్మ అని తేలింది. ఎక్కువంటే, మా కొలబద్దలో అంతకంటే పైకి పోవడానికి చోటు లేదు. సారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "కేస్ స్టడీ" అన్నారు. మర్నాడే జీపు తీశాం. ఆయమ్మ ఇంటి ముందు ఆపాం. మనిషి చెప్పే సంగతులు మూడో మనిషి చెవిన పడకూడదనేది మా నియమం కాబట్టి తలుపు మూశాం. గంటసేపు మాట్లాడించాం.

ఆ గంటలో ఆయమ్మ ఒక్క కన్నీటి చుక్క కార్చలేదు సరికదా, సారుకు రెండుసార్లు మజ్జిగ ఇచ్చి, ఆయన బక్కగా ఉన్నాడని జాలిపడి, ఇంట్లో ఎవరు వండుతారో కనుక్కుంది. తిరిగి వస్తుంటే సారు జీపులో గంభీరంగా అన్నారు. "అంత దిగులును అంత నవ్వుతో దాచిపెడుతోందంటే, చాలా లోతైన మనిషమ్మా."

పది పన్నెండు రోజులు గడిచాయి. నేను ఆత్మకూరు వచ్చి ఉండగా ఒక సాయంత్రం మా నాయన డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నన్ను పిలిచాడు.

"ఏమ్మే, మీ జీపు ఉదయగిరిలో ఎవురో ఆయా ఇంటికాడ రెండోసారి ఆగిందంటనే?"

"ఆగింది. ఎవరు చెప్పినారు?"

"బస్సంతా అదే మాట. ఆమెకి పిచ్చి తేలిందంట గదా. తలుపులేసి గంట పరీక్ష చేసినారంట. పిచ్చిది వండింది పిలకాయలకి ఎట్ట పెడతారని బాలబడికి ఎవురూ పంపడంల్యా. నాకు తెలిసి ఆ మనిషికి ఏ పిచ్చీ లేదు. నా బస్సులో ఎక్కితే చిల్లర కచ్చితంగా ఇచ్చే మనిషి. ఏం చేసొచ్చినావమ్మే?"

పుణ్యానికి పోతే పాపం ఎదురైందని అందరూ అంటుంటారు. నా విషయంలో అదీ సరిపోదు. నేను పుణ్యానికి పోలేదు, వ్యాసానికి పోయాను. మర్నాడు పొద్దున్నే ఆయన బస్సులోనే ఉదయగిరి పోయాను. దారి పొడుగునా ఆయన నాతో మాట్లాడలేదు. టికెట్టు మాత్రం కొట్టి చేతిలో పెట్టాడు.

అరుగు మీద తాత నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఎందుకు తాతా, రెండోసారి వస్తే తప్పేంది అని అడిగితే, చదువుకున్నదానికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు.

"మలేరియావాళ్ళు వస్తారు బేటీ. అందరి ఏళ్ళూ పొడిచి నెత్తురు తీసుకుంటారు. మళ్ళీ యా ఇంటికి వొస్తారు? జరం తేలినోళ్ళ ఇంటికే గదా. కుష్టు మచ్చలు చూసేవాళ్ళు వస్తారు. మళ్ళీ యా ఇంటికి వొస్తారు? మీరూ అట్టే వొచ్చినారు. పైగా తలుపు బిగించుకున్నారు. ఇంక మేమేం అనుకోవల్ల?"

ఆయన తర్కంలో వంక పెట్టడానికి ఎక్కడా సందు లేదు. సర్కారు వాళ్ళను ఏళ్ళ తరబడి చూసి చూసి ఆ వీధి నేర్చుకున్న నియమం అది. మా నియమాలు మాకున్నట్టే వాళ్ళ నియమాలు వాళ్ళకున్నాయి, మేము వాటిని అడగలేదంతే.

బాలబడిలో ఆయమ్మ ఒక్కతే ఉంది. పొయ్యి మీద ఉప్మా ఉంది. పిల్లలు కూర్చునే చాప ఖాళీగా ఉంది. పై నుంచి వచ్చిన సూపర్‌వైజరమ్మ ఖాళీ చాప చూసి, పిల్లలు రాని చోట ఆయా ఎందుకు, వచ్చే సోమవారం మళ్ళీ వస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే పేరు తీసేసి వేరే మనిషిని పెడతాం అని చెప్పి పోయిందట. నేను పోయిన ఆ రోజు శుక్రవారం.

"ఆయమ్మా, అన్నిటికీ ఆ పెద్ద గరిటే ఎందుకు ముట్టుకున్నావు?" అని అడిగాను. అడగాల్సిన రోజు అడగని ప్రశ్న.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మరి ఏది ముట్టుకోమంటావు? ఇంటికొచ్చి అడిగినోళ్ళకి ఆ చిన్న చెంచాతో పెడతారా ఎవురన్నా? పిసినారిదాన్నా నేను? నువ్వు ఎండన పడి వొచ్చి అన్నిసార్లు అడగతా ఉంటే, పెద్దదాంతోనే ఇచ్చినా."

ఇరవైమంది పిల్లలకు రోజూ వడ్డించే చెయ్యి అది. గరిటె అంటే ఆ చేతికి కొలత కాదు, పెట్టుపోత. నా తెలివిని నేను మెచ్చుకుంటూ వారం తిరిగాను కానీ, ఆ వీధిలో గరిటెకు ఏం అర్థమో ఒక్కరినీ అడగలేదు. నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది. పోయి అందరికీ చెప్పొస్తాను, నీకేమీ లేదని ఇంటింటికీ తిరిగి చెబుతాను అని లేచాను.

"గమ్మున కూచో. నువ్వు జెప్తే నమ్ముతారా? పిచ్చోళ్ళ డాక్టరు పిచ్చి లేదనింది అంటే, ఎక్కువైంది కాబట్టే దాస్తా ఉండారు అంటారు" అంది ఆయమ్మ. ఉప్మా కలియబెట్టింది. కాసేపటికి తనే అంది. "నా ఇంటికి రెండుసార్లు వొచ్చినారనే గదా ఇదంతా. అందరి ఇళ్ళకీ రెండోసారి పోండి. సరిపాయ."

రెండేళ్ళు చదివిన శాస్త్రంలో నాకు అంతకంటే మంచి ఉపాయం దొరకలేదు. మనిషిని బాగుచేయడం కాదు, ఆ మనిషి చుట్టూ ఉన్న వీధిని కదిలించాలని మా సారు ఇంగ్లీషులో చెప్పేది ఇదే. ఆయమ్మ ఉప్మా కలుపుతూ చెప్పింది.

పోస్టాఫీసు నుంచి సారుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. జీపు దొరకదు, డీజిలుకు అనుమతి కావాలి, రెండోసారి పోతే మన లెక్కలన్నీ పాడవుతాయి, ఇది పరిశోధన అనిపించుకోదమ్మా అన్నారు.

"ఇది రెండో కాలు సార్" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం.

శనివారం పొద్దున జీపు వచ్చింది. సారు ముందు సీట్లో పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన వియ్యంకుడిలా ముడుచుకుని కూర్చున్నారు. మొదటి ఇల్లు తాతది. జీపు ఆగగానే ఆయన ఉలి పారేసి లేచాడు.

"యా అల్లా! నాకూ తేలిందా?"

"అందరికీ తేలింది తాతా. వరసగా వస్తా ఉండాము" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, సంగతి పట్టేసి, పక్కింటి వైపు తిరిగి కేక వేశాడు. "కాఫీ పెట్టుకోండి! తర్వాత మీకే!" ఇక ఆ పూట చూడాలి. జీపు ఇంటింటి ముందూ ఆగింది. కాగితాలు లేవు, గరిటెలు లేవు, ఏ తలుపూ మూయలేదు. ఈ వీధిలో ఏం మారితే మీకు బాగుంటుంది అని ఒక్కటే అడిగాం. నీళ్ళ పంపు అన్నారు, వీధి లైటు అన్నారు, కర్ర కోసం కొండకు పోతే ఫారెస్టువాళ్ళతో పడే బాధ అన్నారు. మధ్యాహ్నానికి కథ తిరగబడింది. జీపు ఇంకా రాని ఇళ్ళవాళ్ళు వాకిట్లోకొచ్చి నిలదీయడం మొదలుపెట్టారు. "వాళ్ళింటికి రెండుసార్లు పొయి మా ఇంటికి రారా? మేమేమన్నా తీసిపొయినామా?"

పెద్ద పని మాత్రం జీపు వల్ల కాలేదు. నాలుగో ఇంట్లో ఒక పిల్లాడి తల్లి నన్ను పక్కకు లాగి, గొంతు తగ్గించి, "నిజంగా ఆయమ్మకి ఏమీ లేదా?" అంది. నాకు దాచడం చేతకాలేదు. తప్పు నాదేనని, గరిటెల సంగతి, అడిగినవాళ్ళకు చిన్న చెంచాతో ఎలా పెడతానని ఆయమ్మ అన్న మాట, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత గుంజ పట్టుకుంది. తర్వాత నవ్వలేక కూలబడింది. "ఆయమ్మే! అచ్చం ఆయమ్మే! మావాడికి ఒద్దొద్దంటా ఉన్నా రెండు గరిటెలు ఏసి పంపుద్ది!"

మేము ఐదో ఇంటికి చేరేలోగా ఆ కథ పదో ఇంటికి చేరింది. అనుమానం తీర్చడానికి నిజం ఒక్కటే చాలదని నాకు ఆ రోజు తెలిసింది. ఆ నిజం నవ్వొచ్చేదిగా ఉంటే దానికి కాళ్ళొస్తాయి. పైగా ఎవరినీ నమ్మించాల్సిన పని లేకపోయింది. ఆయమ్మ చెయ్యి ఎంత పెద్దదో ఆ వీధికి మాకంటే ముందే తెలుసు. తెలిసి కూడా పది రోజులు మమ్మల్ని నమ్మారు. చదువుకున్నవాళ్ళం కదా.

సోమవారం నేను మళ్ళీ మా నాయన బస్సెక్కాను. ఈసారి ఆయన నా పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడాడు. బాలబడికి పోయేసరికి చాప చాలక పిల్లలు గుమ్మం దాకా కూర్చుని ఉన్నారు. బాలబడి వయసు దాటిపోయిన ఇద్దరిని కూడా తల్లులు తోలేశారు, లెక్కకు పనికొస్తారని. సూపర్‌వైజరమ్మ వచ్చింది, తలలు లెక్కబెట్టింది, రిజిస్టరులో సంతకం పెట్టి పోయింది. ఆయమ్మ పని నిలబడింది. సంతోషం పట్టలేక పిల్లలతో పాటు కూర్చుని ఉప్మా తిన్నాను. వద్దంటున్నా రెండోసారి వేసింది.

పిల్లలు వెళ్ళిపోయాక గిన్నెలు కడుగుతుంటే పక్కన కూర్చున్నాను. "ఎట్టుండావు ఆయమ్మా?" అన్నాను.

ఆమె చేతిలోని గిన్నె ఆపింది.

"నువ్వు మొదట వొచ్చినప్పుడు దిగులుందా, నిద్ర పట్టదా అని అడిగితివే. ఆ పొద్దు నాకు ఏమీ ల్యా అమ్మణ్ణీ. అంతా బాగానే ఉండినాను. మీరు రాసుకొని పొయినాక వొచ్చింది. పొయ్యి మీద చట్టి పెట్టి వాకిలి పక్క చూస్తా కూచునేదాన్ని, ఒక్క పిలకాయన్నా రాకపోతాడా అని. ఇంటికి పొయి ఏడ్చేదాన్ని. రాత్రిళ్ళు నిద్ర పట్టలా. నాకెవురూ లేరనే అనుకున్నా." కోపంగా చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, మళ్ళీ గిన్నె తోముకుంది.

నేనూ పీచు తీసుకుని ఇంకో గిన్నె తోమాను.

మా ప్రాజెక్టు నివేదికలో ఆ వీధి గురించి చాలా పేజీలున్నాయి. పంపు గురించి ఉంది, లైటు గురించి ఉంది, కొండ గురించి ఉంది. ఆయమ్మ చెప్పిన ఆ మాట లేదు. సారు వద్దనలేదు, నాకే మొహం చెల్లలేదు. మేము కొలవడానికి పోయిన దిగులు, మేము పోయేదాకా ఆ ఇంట్లో లేదని రాయాలి కదా.